ఎనిమిది కన్నాలు, నాలుగు బోల్టులు

"సంతకం పెట్టను."

"ముందు చదవనివ్వండమ్మా. విన్నాక..."

"వినక్కర్లేదు. 'పోతలో లోపం' అన్న ముక్క నా కంటబడింది. చాలు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకోండి సూపర్‌వైజర్ గారూ. పెట్టుకుని బస్సెక్కండి."

బందరు ఇనగుదురుపేటలో అది ఖాజా సాయిబు పోత కార్ఖానా. సాయిబు పోయి నాలుగేళ్లయింది. అప్పటినుంచీ కొలిమి రగిలించేదీ, బీడు ఇనుము కరిగించి ఫ్లాంజీలు పోయించేదీ ఆయన భార్య రోషన్ బీయే. ఫ్లాంజీలంటే రెండు పైపుల మూతులు కలిపి బోల్టులతో బిగించడానికి వాడే ఇనప పళ్లేలు. ఎండ మాడ్చేస్తున్న ఆ మధ్యాహ్నం దివిసీమ మంచినీళ్ల స్కీము సూపర్‌వైజరు రత్నరాజు గోనెసంచిలో విరిగిన ఫ్లాంజి ముక్కలు మోసుకుని వచ్చాడు. పాతికేళ్లుంటాయేమో. రోషన్ బీ కూర్చోమన్నా కూర్చోలేదు.

"కోపం తెచ్చుకోకండి. ఒక్క ఫ్లాంజి. వందల్లో ఒక్కటి. ఎంత పేరున్న కార్ఖానాలోనైనా ఎప్పుడో ఒక పోత చెడుతుంది. 'పొరపాటున ఒకటి సరిగ్గా రాలేదు' అని ఒప్పుకుంటే అంతటితో అయిపోతుంది."

"ఎవరికి అయిపోతుంది?"

"అందరికీ."

"నాకు అవదు. మా ఆయన పాతికేళ్లు ఈ కొలిమి ముందు నిలబడ్డాడు. పోతలో తేడా కనిపిస్తే తనే సుత్తి పుచ్చుకుని పగలగొట్టి మళ్లీ కొలిమిలో పారేసేవాడు. గుడివాడ రైసుమిల్లులవాళ్లు బెజవాడ మానుకుని ఇక్కడికి ఎందుకొచ్చేవాళ్లనుకున్నారు? నా మొహం చూద్దామనా?"

"నేను కాదన్నానా అమ్మా?"

"కాదన్నారు. కాగితం మీద టైపు కొట్టించి మరీ కాదన్నారు. పోతురాజూ! ఇలా రా. ఆ సంచి బోర్లించు."

"ఏంటమ్మా ఇవి? మన ఫ్లాంజే!"

"మనదే. ఆ పెద్దముక్క తీసుకుని విరిగిన చోటు ఎండకి పెట్టు. ఏం కనపడుతోంది?"

"బూడిదరంగమ్మా. సన్నటి పలుకు."

"గాలిబుడగ?"

"లేదు."

"చిట్టెం, తుక్కు ఏమైనా?"

"పొక్కు కూడా లేదమ్మా. కొబ్బరి చిప్ప విరిచినట్టు ఏకంగా విరిగింది. మంచి పోత."

"సూపర్‌వైజర్ గారికి చూపించు. కళ్ల దగ్గర పెట్టు."

"నేను చూశానమ్మా."

"చూసే వచ్చారా?"

"చూశాను."

"చూసి కూడా ఈ కాగితం రాశారు."

"నేను కాదు... పైన... పైవాళ్లు..."

"పైవాళ్లంటే? పేరు చెప్పండి."

"అదంతా ఎందుకమ్మా ఇప్పుడు?"

"పోతురాజూ, నువ్వెళ్లి అచ్చులు చూసుకో. ఈయనతో నేను మాట్లాడతాను."

"అమ్మా, మీరు అరవకండి. బయట మనుషులున్నారు."

"నా కార్ఖానాలో నేను అరుస్తాను. ఈ పళ్లెం ఎంత ఒత్తిడికి పోశాం మేం? అది చెప్పండి ముందు."

"వంద పౌండ్లకి."

"ఫ్లాంజీల పట్టికలో ఏ టేబులు?"

"డి."

"ఆ గోడ మీద సున్నంతో రాసి ఉంది చూడండి, మా ఆయన చేతిరాత. డి అంటే వంద పౌండ్లు, ఇ అంటే రెండొందలు. మీ నాలుగంగుళాల పైపుకి డి అయితే నాలుగు బోల్టులు, ఇ అయితే ఎనిమిది. మీరు పంపిన ఆర్డరు కాగితం, ఆ ఇండెంటులో ఏం రాశారు?"

"డి అనే."

"కింద సంతకం?"

"నాదే."

"ఏం చూసి రాశారు?"

"పంపు మీద ప్లేటు చూసి. తొంభై పౌండ్లు అనుంది. తొంభైకి వంద చాలదా? పైన పది మిగిలే ఉంది కదా?"

"పంపు మూతికి ఫ్లాంజి వాళ్లే పోసి పంపిస్తారు. దానికెన్ని కన్నాలు?"

"ఆ పంపు మా ఊళ్లో చేసింది కాదండీ, ఓడలో వచ్చింది..."

"ఓడలో వచ్చిందో, ఒంటెద్దు బండి మీద వచ్చిందో నేనడగలేదు. కన్నాలెన్ని?"

"ఎనిమిది."

"ఏంటీ?"

"ఎనిమిదండీ."

"మాకేమో నాలుగు కన్నాలకి ఇండెంటు రాశారు. మరి ఎలా బిగించారు?"

"పైపుని కొంచెం తిప్పితే నాలుగూ ఎదురెదురుగా వచ్చాయి. పట్టాయి."

"మిగతా నాలుగూ?"

"ఖాళీగా వదిలేశాం."

"పట్టాయట! పట్టడానికేం, పక్కింటివాడి చెప్పులూ కాళ్లకి పడతాయి. ఆ పంపు చేసినవాడు ఎనిమిది కన్నాలు ఎందుకు పెట్టాడయ్యా? అందానికా? నా పంపు ఎంత బలంగా తంతుందో నాకు తెలుసు, ఎనిమిది బోల్టులు లేకపోతే ఆగదు అని ఇనుములో రాసి పంపించాడు వాడు. నీకు ప్లేటు మీద అంకె కనపడింది గానీ పంపు మూతి కనపడలేదా?"

"తొంభైయేగా అనుకున్నాను."

"తొంభై ఎప్పుడు? నీళ్లు పారుతున్నప్పుడు. వాల్వు మూసేస్తేనో? పంపు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లకి పోయే దారుండదు. ఆ బలమంతా ఎక్కడికి పోతుంది?"

"మామూలుగా మూయాల్సిన పనే లేదమ్మా."

"మూశారా?"

"ఆవేళ ప్రారంభోత్సవం. పందిళ్లు వేశారు, జనం..."

"పందిళ్ల సంగతి కాదు. మూశారా, లేదా?"

"మూశారు."

"ఎవరు?"

"డ్రైవరు. పంపు డ్రైవరు."

"గేజీ ముల్లు ఎంతదాకా ఎక్కింది?"

"గేజీ దగ్గర అంతా జనం అమ్మా, సరిగ్గా..."

"నా కళ్లలోకి చూసి చెప్పు. ముల్లు ఎంత చూపించింది?"

"నూట నలభై."

"వందకి పోసిన పళ్లెం మీద నూట నలభై! అదీ నాలుగు బోల్టుల మీద! కారలేదూ?"

"కారింది. బోల్టుకీ బోల్టుకీ మధ్య ప్యాకింగులోంచి చిమ్మింది."

"అప్పుడు ఆపారా పంపు?"

"లేదు."

"ఏం?"

"అప్పటికే ముఖ్య అతిథి కారు కరకట్ట మీద కనపడుతోంది. ఆపితే మళ్లీ మొదటికొస్తుందని... బిగించారు."

"తిరుగుతుండగా?"

"తిరుగుతుండగానే. స్పానరు చాలక, దానికి పైపుముక్క తొడిగి బిగించారు."

"యా అల్లా! బీడయ్యా అది, తోలు కాదు. లాగితే సాగదు, పగుల్తుంది. లోపలినించి నూట నలభై తోస్తుంటే, బయటినించి నాలుగు మూలలా లాగి నొక్కేస్తే, పగలక ఏం చేస్తుంది? దాని స్థానంలో నేనున్నా పగిలేదాన్ని. ఎవరికి తగిలింది?"

"డ్రైవరుకే. సగం పళ్లెం ఎగిరొచ్చి తొడకి తగిలింది. రెండు చోట్ల విరిగింది ఎముక."

"ఎక్కడున్నాడు?"

"ఇక్కడే, బందరు ఆస్పత్రిలో. ప్రాణానికేం ఫరవాలేదన్నారు. కాలు మాత్రం... చెప్పలేమన్నారు."

"అతన్ని మూయమన్నదెవరు?"

"ఎవరూ అనలేదు. ఆయనే మూశాడు. ఆయనే బిగించాడు. వాంగ్మూలంలో అలాగే ఉంది. వేలిముద్ర కూడా వేశాడు."

"వేలిముద్ర వేసి ఒప్పుకున్నాడా? మరి ఇంకేం కావాలి మీకు? తప్పు ఒప్పుకున్నవాడు ఒకడు దొరికాడు కదా. ఈ ఎండలో సంచి మోసుకుని నా గుమ్మం ఎందుకు తొక్కావు?"

"ఎల్లుండి అవనిగడ్డలో ఇన్‌క్వయిరీ అమ్మా. డ్రైవరు తప్పేనని తేలితే ఉద్యోగం తీసేస్తారు. అంతటితో ఊరుకోరట. గవర్నమెంటు సొత్తు పాడుచేశాడని కేసు కూడా పెడతారట. కాలు లేని మనిషిని కోర్టు చుట్టూ తిప్పుతారు. అదే పోత చెడ్డదైతే..."

"ఊఁ. అయితే?"

"ఎవరి తప్పూ ఉండదు."

"ఎవరి తప్పూ ఉండదా! నేను మనిషిని కానా? ఈ కొలిమి దగ్గర తొమ్మిది మంది పనిచేస్తున్నారు, వాళ్లు మనుషులు కారా?"

"మీకు మహా అయితే ఓ నోటీసు వస్తుంది. ఆరు నెలలకి అందరూ మర్చిపోతారు."

"ఎవరు మర్చిపోతారయ్యా? మా ఆయన పోయిన నెలకే 'ఆడదాని చేతిలో కొలిమా' అని నవ్విన బజారు ఇది. నలభై ఫ్లాంజీలు పోస్తే నలభయ్యీ తిరగేసి మరగేసి చూశారు, సుత్తితో కొట్టి మోగించి చూశారు, ఎప్పుడు ఒకటి పగుల్తుందా అని. ఇప్పుడు నేనే 'పగిలింది, తప్పు నాదే' అని సంతకం పెట్టాలా? రేపు ఒక్క మిల్లువాడు వస్తాడా ఈ గడప తొక్కడానికి? ఇనుముకి నోరు లేదు, సాయిబు సమాధిలోంచి లేచి రాడు, మిగిలిన ఈ ఆడమనిషి ఏం చేస్తుందిలే అనుకున్నావు. అంతేనా?"

"అలా అనుకోలేదమ్మా. దేవుని తోడు."

"దేవుణ్ణి ఇందులోకి లాగకు. ఆయన సంతకం పెట్టలేదు ఇండెంటు మీద."

"నేను మీ కాళ్లు పట్టుకుంటాను."

"అవతలికి జరుగు. నాకొకటి చెప్పు. ఇన్నేళ్లలో ఎంతమంది సూపర్‌వైజర్లని చూశాను! డ్రైవరు పోతే ఇంకో డ్రైవరు దొరుకుతాడనేవాళ్లే అందరూ. నువ్వేమో డ్రైవరు కోసం కాళ్లు పట్టుకుంటానంటున్నావు. మాటమాటకీ 'ఆయన, ఆయన' అంటున్నావు. ఎవరాయన?"

"సీమోనని..."

"పేరడగలేదు. నీకేమవుతాడు?"

"మా నాన్న."

పొద్దుటినుంచీ నిలబడే ఉన్న రోషన్ బీ, అప్పుడు అచ్చుల పెట్టె మీద కూలబడింది. కోపం చల్లారిందని కాదు. దాన్ని ఏ వైపు తిప్పాలో ఆ నిమిషం ఆమెకు తెలియలేదు.

"మీ నాన్నని మూయమన్నది ఎవరు?"

"నేనే."

"బిగించమన్నది?"

"నేనే. 'త్వరగా, త్వరగా' అని పక్కన నిలబడి అరిచాను."

"ఎందుకు? ఎందుకు మూయించావసలు?"

"నీళ్లు ఎగరాలని."

"ఏంటీ?"

"ముందే మూసి ఒత్తిడి పెంచి ఉంచితే, అతిథి వాల్వు చక్రం తిప్పగానే తాటిచెట్టంత ఎత్తున లేస్తాయి కదమ్మా నీళ్లు. అది చూడాలని మా పేటవాళ్లందరినీ బళ్లు కట్టించి తీసుకొచ్చాను. మాది హంసలదీవి దగ్గర, స్కీముకి ఆఖరు ఊరు. ఏ మూల నుయ్యి తవ్వినా ఉప్పే. మా అమ్మ రోజూ రెండు మైళ్లు నడిచి బిందె తెచ్చేది. కాలవగట్టున మిగతావాళ్లంతా ముంచుకున్నాక, వాళ్లు అవతలికి వెళ్లాక, అప్పుడు మాకు. ఆ నీళ్లు మా ఇంటిదాకా నేను పైపేసి తీసుకెళ్తున్నాను. మా పేటలో మెట్రిక్ దాటింది నేనొక్కణ్ణే. ఒక్కసారి వాళ్లందరి ముందూ... ఎగరాలనిపించిందమ్మా."

"మీ నాన్న ఏమీ అనలేదా?"

"అన్నాడు. 'ముల్లు ఎక్కిపోతోందిరా రత్నం, దారి వదులుదాం' అన్నాడు. రెండుసార్లన్నాడు."

"నువ్వేమన్నావు?"

"నీకేం తెలుసు, నోరుమూసుకుని చెప్పింది చెయ్యి అన్నాను."

"అందరి ముందూనా?"

"అందరి ముందే. మా అమ్మ కూడా ఉంది."

"మరి వేలిముద్ర? ఎవరూ చెప్పలేదు, నేనే మూశానని వేలిముద్ర ఎలా వేశాడు?"

"ఆస్పత్రికి మా ఇంజినీరు గారు వచ్చారు. 'ఎవరు చెప్పారు వాల్వు మూయమని' అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే, మంచం మీంచి, అంత నొప్పిలోనూ ఆయనే చెప్పేశాడు. 'సూపర్‌వైజర్ గారికి తెలీదయ్యా, నేనే మూశాను' అని. నన్ను, సూపర్‌వైజర్ గారూ అన్నాడు. అక్కడికక్కడే రాసేశారు. వేలికి సిరా పూసి ముద్ర వేయించారు. కింద సాక్షి సంతకం కావాలన్నారు."

"సాక్షి సంతకం ఎవరు పెట్టారయ్యా?"

"నేనే పెట్టానమ్మా."

"థూ!"

"తిట్టండి."

"తిట్టకేం చేస్తాను! కన్నతండ్రి నొప్పితో మెలికలు తిరుగుతూ నీ కోసం అబద్ధమాడితే, నిజమేనని నువ్వు కింద సంతకం గీకావా? ఆ చెయ్యి ఎలా ఆడింది నీకు? ఆ సంతకం కంట్లో నలుసైంది కాబోలు ఇప్పుడు, తీసి నా కంట్లో వేద్దామని వచ్చావు. అందరి మీదా పడింది గానీ బరువు, నీ మీద పడలేదు. ముందు ఇనుము మీద, తర్వాత ముసలాడి మీద, ఇప్పుడు చచ్చినవాడి మీద!"

"అమ్మా, నేను నిజం చెప్తానన్నాను ఆయనతో. ఆ రాత్రే చెప్తానన్నాను. నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. 'నాకు కాలెలాగూ పోయింది, నీ ఉద్యోగం కూడా పోతే ఇంక మన పేటవాణ్ణి ఇంకోణ్ణి తీసుకుంటార్రా? చదువుకున్నా వాళ్లింతే అంటారు' అన్నాడు. ఆ ఒక్కమాటకి..."

"ఆ ఒక్కమాట నీకు భలే పనికొచ్చింది."

"అలా అనకండి."

"అంటాను. ఆయన భయం ఆయన కోసం కాదు, మీ పేట కోసం. నీ భయం ఎవరి కోసం? మొన్న నీళ్లు ఎగరెయ్యాలనుకుంది ఎవరి కోసం? మీ పేట కోసం అన్నావు. కాదు. 'రత్నరాజు ఎగరేశాడు' అనిపించుకోడానికి. ఆ ముసలాయన బుర్రలో సగం ఉన్నా నువ్వు..."

"ఉందమ్మా. బుర్ర ఆయనకే ఉంది. గేజీ దగ్గర కాదు, మొదటినించీ ఉంది ఆయనకి అనుమానం. పైపులు జతచేసే రోజునే కన్నాలు లెక్కపెట్టి అడిగాడు. అంతకుముందు ఫ్లాంజీలు లారీ దించుతున్నప్పుడే గొణిగాడు. కాంట్రాక్టరు లారీ మీద ఇక్కడికొచ్చి ఇవి ఎక్కించుకుని తెచ్చింది కూడా ఆయనే కదా."

"ఎవరు?"

"మా నాన్నే."

"మా కార్ఖానాకొచ్చాడా? ఎప్పుడు?"

"మార్చి నెలలోనమ్మా. మనిషి సన్నగా ఉంటాడు, నెత్తికి ఎర్ర తువ్వాలు. ఎడం చెవి సరిగ్గా వినపడదు, అందుకని గట్టిగా మాట్లాడతాడు. గుర్తుండడులెండి, రోజూ ఎంతమందో వస్తుంటారు."

రోషన్ బీ లేచి గుమ్మం దాకా వెళ్లి ద్వారబంధం పట్టుకుంది.

"ఏమ్మా, ఏమైంది? రోషన్ బీ గారూ! పోతురాజు గారూ, కొంచెం మంచినీళ్లు..."

"ఎవర్నీ పిలవకు. నాకేం కాలేదు. ఆ కాగితం ఇలా ఇయ్యి."

"సంతకం పెడతారా అమ్మా?"

"వెనక్కి తిప్పు. ఖాళీగా ఉందిగా అటువైపు. కలం తియ్యి."

"ఏం రాయమంటారు?"

"జరిగింది. డి అని ఇండెంటు రాసింది ఎవరు, మూయమన్నది ఎవరు, బిగించమన్నది ఎవరు, సాక్షి సంతకం పెట్టిందెవరు. నీ చేత్తో రాయి. ఇన్‌క్వయిరీకి ఎల్లుండి నేనూ వస్తాను. మీ నాన్న మంచం దగ్గరికి ఇవాళే వస్తాను."

"ఉద్యోగం పోతుందమ్మా."

"పోతుంది. రాయి."

"రాస్తున్నాను."

"అయిందా?"

"అయింది. చదవమంటారా?"

"వద్దు. సంతకం పెట్టు. కింద చోటు మిగిలిందా?"

"మిగిలింది. ఎందుకమ్మా?"

"నాది రాయడానికి."

"మీదేముంది? మీ పోతలో లోపమేం లేదని ఆ ముక్కే చెప్తోందిగా."

"పోతలో లేదు. నేను చెప్పేది రాయి. మార్చి నెలలో సీమోను అనే పెద్దమనిషి అదిగో ఆ గుమ్మంలో నిలబడి, 'మా పంపుకి ఎనిమిది కన్నాలున్నాయమ్మా, వీటికి నాలుగే ఉన్నాయి, ఇవి ఆగుతాయా' అని నన్ను అడిగాడు. ఆగవని నాకు తెలుసు. 'కాగితంలో ఉన్నదే పోశాం, అడగడానికి నువ్వెవరు' అన్నాను."